నాలుగు రోజుల విశేషం

"తడి తువ్వాలు మంచం మీద వేయొద్దన్నానా?" అంది ఆమె.

"ఇంతదానికే ఇంత చిరాకా! నీ తప్పు కాదులే. నెలసరి రావాల్సిన తేదీ దాటి నాలుగు రోజులైంది కదా," అన్నాడు భర్త, పెద్ద డాక్టరులా తల పంకిస్తూ.

ఆమె నిర్ఘాంతపోయింది. ఆ తేదీలు తన ఫోనులోని యాప్‌లో రాసుకోవడమే తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మీకెలా తెలుసు?"

"యాప్ పెట్టిచ్చింది నేనేగా! నా మెయిల్ ఇచ్చాను, అన్నీ నాకే వస్తాయి. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికమేమిటే?"

దాపరికమంటే గిట్టని ఆ మహానుభావుడి ఫోను మాత్రం ఆయనగారి వేలు పడితేగాని తెరుచుకోదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు ముసిముసిగా నవ్వుతూ ఆమెకు కూర కొసరి వడ్డించింది.

"నాలుగు రోజులు దాటిందటగా అమ్మాయ్, విశేషమేనా? వాడు చెప్పగానే మీ ఆడపడుచుకి ఫోన్ చేసేశాను."

భర్త కంచంలోకి తల దించేశాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఇంతమంది ఉన్నారని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎడమచేత్తో ఫోను అందుకుంది.

"మీ అబ్బాయి మెయిల్ తీసేస్తున్నాను అత్తయ్యా. విశేషమో కాదో ముందు నేను తెలుసుకుంటాను. మీకు చెప్పాలో వద్దో ఆ తర్వాత ఆలోచిస్తాను."