చిల్లుల మేస్త్రి

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ వెనకాల గుసగుసలు ఆపితే మొదలుపెడతాను. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి, మధ్యలో ఆగితే కథ చల్లారిపోతుంది.

అనగనగా ఒక అల్యూమినియం ఫాయిల్ మిల్లు. అందులో ఒక మేస్త్రి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని ఒకటే. వెనక దీపాలున్న పెద్ద అద్దం మీద ఫాయిల్ పరిచి, చిల్లులు వెతకడం. సూది మొన పట్టనంత చిల్లున్నా చుక్కలా వెలుగుతుంది. ఈయనకైతే ఆ దీపాలు కూడా అక్కర్లేదనేవారు. గోడ మీద పోయే చీమ కన్ను గీటినా, ఏ కన్నో చెప్పేస్తాడట. అందుకే మిల్లంతా ఆయన్ని చిల్లుల మేస్త్రి అంటారు.

ఇంట్లో మాత్రం ఆ చూపు గుమ్మం దగ్గరే ఆగిపోయేది. భార్య జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్న సంగతి ఆయనకు నాలుగో నెలలో తెలిసింది. అదీ పక్కింటావిడ చెబితే.

"నేను ఫాయిల్‌నై పుట్టినా బాగుండేది. రోజుకోసారైనా వెలుతురుకు పట్టి చూసేవారు," అనేది ఆవిడ.

"నీలో చిల్లులెందుకుంటాయే," అనేవాడు ఆయన. మెచ్చుకున్నాననే అనుకునేవాడు.

మా అక్క దగ్గరికి పోతానని ఆవిడ ఆ ఏడాదిలో నాలుగుసార్లు అంది. పోతాననకూడదు, వెళ్ళొస్తాననాలి అని నాలుగుసార్లూ దిద్దాడు. తర్వాత అన్నం తిన్నాడు. ఐదోసారి ఆవిడ అనలేదు. గొడవ తీరిపోయిందని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ రోజు పొద్దున గుమ్మంలో సంచీ ఒకటి కాలికి తగిలి తూలాడు.

"దారికడ్డంగా పెట్టావేంటే?"

ఆవిడ స్టీలు డబ్బా చేతికిచ్చింది. దాని మూత ఎప్పుడో పోయింది. బదులుగా ఫాయిల్ బిగించి ఉంది.

"తీసేటప్పుడు చూసి తీయండి," అంది.

"నేను చేసేదే చూడడం కదే," అని వెళ్ళిపోయాడు.

మిల్లులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి. పెట్టేసి లోపలికి పోతే, ఫాయిల్ ఎలా తయారవుతుందో చూద్దామని క్యాంటీన్లలో వండేవాళ్ళు పదిమంది వచ్చి ఉన్నారు. మధ్యాహ్నం వాళ్ళకు అంతా చెప్పే పని మేస్త్రిదే.

పన్నెండున్నరకు డబ్బా ముందు పెట్టుకున్నాడు. ఫాయిల్ తీశాడు. టమాటా కూర. ఫాయిల్ నిండా చిల్లులు.

మేస్త్రి ఎగిరి గంతేసినంత పని చేశాడు. వచ్చినవాళ్ళకు చూపించడానికి ఇంతకంటే మంచి నమూనా దొరుకుతుందా? అన్నం అలాగే వదిలేసి ఫాయిల్‌ను కడిగాడు. ఆరబెట్టాడు. కూర తగిలిన వైపు పైకొచ్చేలా అద్దం మీద అంటించి లెక్కపెట్టాడు. మూడు వందల పన్నెండు. ఇంకోసారి లెక్కపెట్టాడు. అంతే వచ్చాయి. ఈ సంబరంలో గంట గడిచింది.

వంటవాళ్ళు వచ్చి కూర్చున్నారు. మేస్త్రి అందుకున్నాడు.

"మొదట ఇంత లావు దిమ్మ ఉంటుంది. రోలర్ల మధ్య నలిపి నలిపి, వెంట్రుక కంటే పల్చన చేస్తాం. ఆఖర్న ఒక్క రేకునే పంపితే చిరుగుతుంది. అందుకని రెండు కలిపి పంపి, తర్వాత విడదీస్తాం. రోలర్‌కు తగిలిన వైపు మెరుస్తుంది. ఒకదానికొకటి ఆనుకున్న వైపు మసకబారుతుంది."

"మా ఇంట్లోనూ అంతే," అంది ముందు వరసలో ఉన్న ముసలి వంటావిడ. అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

"మెరిసే వైపు లోపలికి పెట్టాలా, బయటికా?" అని ఆవిడే అడిగింది.

"ఏ వైపైనా ఒకటేనమ్మా."

"మా అత్త లోపలికే అనేది."

ఇంతలో గోడ అవతల రైలు కూత పెట్టింది. మిల్లు వెనకే స్టేషను.

"రోజూ రెండింటికి నా మాటకు అడ్డం పడుతుంది, దిక్కుమాలిన బండి," అని విసుక్కుని, ఆఖరి పెట్టె దాటేదాకా నోరు మూసుకుని నిలబడ్డాడు. దాటిపోయాక దీపాల మీట నొక్కాడు.

అద్దం మీద ఫాయిల్ చుక్కల ఆకాశంలా వెలిగింది.

"చూశారా? మైక్రోవేవ్‌లో ఫాయిల్ పెట్టకండి, నిప్పురవ్వలు లేస్తాయి. అంతకంటే ముఖ్యం, పులుపూ ఉప్పూ దీనికి తగలనివ్వకండి. కింద స్టీలు గిన్నె ఉంటే మరీనూ. ఇది మా ఆవిడ పంపిందే. ఎక్కడెక్కడ గోరు గీసుకుపోయిందో అక్కడ కిందికి వంగి కూరకు ఆనింది. ఆనిన చోటల్లా కూర తినేసింది. ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను. చెప్పింది వినే మనిషైతే కదా."

పాపం అన్నట్టు వంటవాళ్ళు తలలూపారు.

ముసలావిడ ఊపలేదు. లేచి అద్దం దగ్గరికొచ్చింది.

"అయితే ఏ వైపైనా ఒకటేనంటావు."

"ఒకటేనమ్మా."

"నువ్వంటే సరిపోయిందా, నేను చూడొద్దూ."

ఫాయిల్ ఊడదీసింది. తిరగేసి అంటించింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, చుక్కల వెంట వేలు జరుపుతూ కాసేపు పెదాలు కదిపింది. తర్వాత బుగ్గన చెయ్యి పెట్టుకుని మేస్త్రి వైపు తిరిగింది.

"అమ్మో, మీ ఇంటి టమాటా కూరకు చదువొచ్చయ్యా మేస్త్రీ, 'రెండింటి బండికి పోతున్నా, ఆపేదుంటే రండి' అని ఎంత గుండ్రంగా తినిందో చూడు."