దెబ్బ చూడొచ్చిన ఆఫీసరు

"దెబ్బ చూడాలి."

మిక్సీ మోతలో ఇల్లాలికి సగమే వినపడింది. "డబ్బానా? ఏ డబ్బా?"

"డబ్బా కాదమ్మా, దెబ్బ! మీ ఇంటాయన తలకి తగిలిందంటున్న దెబ్బ. బీమా కంపెనీ నుంచి వచ్చాను, ఎంక్వయిరీకి."

"ఆ దెబ్బా? రండి" అంది, చేతులు తుడుచుకుంటూ.

ముందుగదిలో కళ్ళజోడు మనిషొకడు కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. తలకి కట్టు లేదు, ముఖాన గీత లేదు. ఆఫీసరుకి అక్కడే అనుమానం పుట్టింది. బోర్డు మీద ఆరు స్విచ్చులుంటే చూడకుండానే ఫ్యాన్ స్విచ్చి నొక్కి, ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరింట్లో ఏది ఎక్కడుంటుందో నా వేళ్ళకే తెలిసిపోతోందని మురిసిపోయాడు.

"గోడౌన్ షట్టర్ వచ్చి మీమీద పడిందట?"

కళ్ళజోడు మనిషి ఇల్లాలి వైపు చూశాడు.

"పడింది తలమీదా, నోటిమీదా?"

ఇల్లాలే అందుకుంది. "చూడ్డానికి బాగానే ఉంటారండీ. మాట తడబడదు, నడక తడబడదు. నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు. ఇంకా ఉద్యోగం చేస్తున్నాననే అనుకుంటారు. కట్టుకున్న పెళ్ళాన్నే పోల్చుకోరు."

"పెళ్ళాన్ని మర్చిపోవడం జబ్బేంటమ్మా? చాలామందికి అది వరం!" తన జోకుకి తనే పగలబడి నవ్వాడు. ఇల్లాలు మాత్రం ఎన్నోసార్లు విన్న జోకులా విని ఊరుకుంది.

టీ తెచ్చింది. చక్కెర లేదు. ఆఫీసరు తాగేది అలాగే. అనుమానం రెట్టింపయింది. 'అమ్మో! నామీదే ముందు ఎంక్వయిరీ చేశారన్నమాట!'

"పరిహారం రాకపోతే ఏమవుతుంది?"

"వైద్యం ఆగిపోతుంది. పోనీ నేను పనిలో చేరదామా అంటే, ఈయన్ని ఒక్కర్నే వదిలి గడప దాటలేను."

"భేష్! ఆయనది మూకీ, మీది టాకీ. నాటకం బాగా కట్టారు. ఈ క్లెయిమ్ కొట్టెయ్యమని ఇప్పుడే రాస్తున్నా."

విసురుగా తన భుజాన ఉన్న సంచి తెరిచాడు. కాగితాల్లేవు. మంచినీళ్ళ సీసా, మందుల పొట్లం ఉన్నాయి.

"నేను క్లెయిమ్ కొట్టేస్తానంటే, మీరు నా కాగితాలే కొట్టేశారా!"

కళ్ళజోడు మనిషి జేబులోంచి పెన్ను తీశాడు. ఇల్లాలు ఆఫీసరు చేతిలోని సంచిని మెల్లగా అందుకుని, ఆ కళ్ళజోడు వైపు తిరిగింది.

"చూశారుగా ఆఫీసరుగారూ, మా ఆయన రోజూ ఇలాగే వస్తారు."