రాక్షసి గడ్డం మీద పుట్టుమచ్చ

"నిజం చెప్పు. ఈ రాక్షసి ఎవరు?"

అత్తగారు గది గుమ్మంలో నిలబడి అడిగారు. ఒక చెయ్యి నడుం మీద ఉంది. రెండో చేతిలో, పొద్దుట్నుంచీ కోడలు ఇల్లంతా గాలిస్తున్న బొమ్మ ఉంది.

కోడలు దొరికిపోయింది. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసేవాళ్ళకి ఒక పాడు అలవాటు ఉంటుంది. కళ్ళెదుట ఏ మొహం తిరుగుతుంటే అది వద్దన్నా కుంచెలోకి దిగిపోతుంది. అంతకుముందు ఆమె వేసిన రాక్షసులందరినీ పబ్లిషర్ తిప్పి పంపాడు. "ఇవేం రాక్షసులండీ, టూత్‌పేస్టు ప్రకటనలో అమ్మాయిల్లా ఉన్నారు!" అన్నాడు. విసుగొచ్చి ఆమె కిటికీలోంచి చూస్తే, బాల్కనీలో అత్తగారు కొడుకుని చెడామడా తిడుతూ కనిపించారు. అంతే, ఒక్క ఊపులో బొమ్మ పూర్తయింది. నడినెత్తిన సిగ, ముక్కు చివర కళ్ళజోడు, గడ్డం మీద పుట్టుమచ్చ. ఫోన్లో పంపిన ఫోటో చూసి పబ్లిషర్ ఎగిరి గంతేశాడు. "పుస్తకానికి ప్రాణమొచ్చిందండీ! అసలు బొమ్మ కోసం రేపు సాయంత్రం మనిషిని పంపిస్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం ఇదే.

"ఎవరేంటత్తయ్యా? కథలో రాక్షసి. పిల్లల మిఠాయిలన్నీ ఎత్తుకుపోతుంది చూడండి, అదీ."

"అది నాకూ తెలుసు. మొహం ఎవరిదీ అని?"

ఆ గొంతు విని కొడుకు పరుగున వచ్చాడు. బొమ్మని చూశాడు, తల్లిని చూశాడు, మళ్ళీ బొమ్మని చూశాడు. ఆ చూపే కొంప ముంచింది.

"అబ్బే, నీ పోలికే లేదమ్మా! నీకు కోరలేవీ?" అన్నాడు.

"నిన్నెవరడిగార్రా?"

అతను నోరు మూసుకుని గోడకి అతుక్కుపోయాడు. అత్తగారు అలిగితే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎదురుగా కూర్చునే, "పాలు విరిగాయని ఆవిడగారికి చెప్పరా" అంటూ కొడుకు చేత కబురు పంపుతారు. కిందటిసారి అలక తీరేసరికి ఒక పుస్తకం బొమ్మలన్నీ అయిపోయాయి.

"ఒట్టత్తయ్యా, అది నా మొహమే!" కోడలు బల్ల మీది అద్దం లాక్కుంది. "బొమ్మలేసేవాళ్ళం అందరం ఇంతే. కోపం మొహం కావాలంటే, అద్దంలో మేమే కోపంగా చూసుకుని వేసుకుంటాం. ఇదిగో!"

కళ్ళురిమి, ముక్కుపుటాలు ఎగరేసి, పళ్ళు పటపటా కొరికింది. మొగుడు ఉలిక్కిపడి ఇంకాస్త గోడలోకి జరిగాడు.

అత్తగారు మాత్రం కదల్లేదు. "మరి సిగ? నీది పొట్టి జుట్టు కదా."

"అదా? అక్కడ కొమ్ములు పెడదామనుకుని మర్చిపోయాను." కోడలు బొమ్మ అందుకుని, సిగ మీద నల్లరంగు పులిమేసి, రెండు కొమ్ములు మొలిపించింది.

"కళ్ళజోడు?"

"రాక్షసికి కళ్ళజోడెందుకు, నా మతి మండ!" తెల్లరంగుతో దాన్నీ కప్పేసింది. దాంతోపాటే, కళ్ళజోడు మీంచి పిల్లల్ని చూసే ఆ కొంటెచూపూ పోయింది. కోడలి ప్రాణం ఉసూరుమంది. పబ్లిషర్ దీన్ని కూడా వెనక్కి పంపడం ఖాయం. పంపితే పంపనీ, ముందు ఈ గండం గట్టెక్కితే చాలు.

అత్తగారి గొంతు బాగా తగ్గింది. "గడ్డం మీద మచ్చ కూడా... నాది కాదా?"

"ఛఛ! రంగు చుక్క చిందిందత్తయ్యా, అంతే." మచ్చ మాయమైంది.

కొడుకు హమ్మయ్య అనుకుని గోడ వదిలాడు. "చూశావామ్మా? నిన్ను పుస్తకంలో పెట్టేంత ధైర్యం దీనికెక్కడిది? ఊరికే అనుమానపడ్డావు."

అత్తగారు స్టూలు మీద కూలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడుస్తున్నారు. కోడల్ని అనవసరంగా అనుమానించానని బాధపడుతున్నారు కాబోలు అనుకుని, కోడలు లోలోపల తెగ సంబరపడింది.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. పబ్లిషర్ మనిషే అనుకుంటూ, రంగు ఆరని బొమ్మతోనే వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మం నిండా కింది అంతస్తుల పిల్లలు. తలా ఒక కాగితం, పెన్సిలు.

"ఆంటీ, రాక్షసి మామ్మ ఉందా? మాకు సంతకం పెడతానంది."

"ఎవరూ?"

"మీ ఇంట్లో మామ్మే!" అంది ముందున్న పిల్ల. "పొద్దున మెట్ల దగ్గర బొమ్మ చూపించింది. 'పుస్తకంలోకి ఎక్కేశానర్రా, మచ్చతో సహా నేనే' అంది. మా తమ్ముడు నమ్మలేదు. 'అయితే సాయంత్రం రండి, మా కోడలి నోటితోనే చెప్పిస్తాను' అంది."

పిల్లలందరి కళ్ళూ కోడలి చేతిలోని కొమ్ముల రాక్షసి మీద పడ్డాయి. తమ్ముడు పకపకా నవ్వాడు. "చెప్పానా! ఇది మామ్మ కానే కాదు!"

కోడలు నిలువునా నీరైపోయి వెనక్కి తిరిగి చూసింది.

అత్తగారు అప్పటికే స్టూలు కిటికీ వెలుతురులోకి లాక్కున్నారు. సిగ సర్దుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"గుడ్లప్పగించి చూస్తావేం? కుంచె పట్టు," అన్నారు కళ్ళురిమి. "ఈసారి మచ్చ ఇంకాస్త పెద్దది పెట్టు!"