హవాయి బారులో వాన

ఓబిలేష్ పైపు తిప్పగానే తన బారు రేకుల మీద వాన మొదలైంది. కొబ్బరాకుల పందిరి, నాలుక చాపిన చెక్క దేవుళ్లు, గోడ మీద నీలి సముద్రం. గార్లదిన్నె రోడ్డు పక్కన అచ్చంగా హవాయి దిగింది.

మరుక్షణం హవాయి ఖాళీ. తాగి నిలబడలేని రైతులు కూడా గుత్తి రైలును దాటేసేలా పరిగెత్తారు. వాన పదును ఆరకముందే శెనక్కాయ విత్తాలంటే ట్రాక్టరు ముందు పట్టినవాడిదే.

"యాడికి పోతాండారప్పా? అది పైపు నీళ్లు!" ఓబిలేష్ మొత్తుకున్నాడు.

కాసేపటికి గురప్ప ఒక్కడే దుమ్ము దులుపుకుంటూ వెనక్కొచ్చాడు.

"ఏమప్పా, ఇంటికి ఫోన్ జేసి విత్తనాలు గూడా దింపిచ్చినా! ఏం మోసమిది?"

"ఈడ కూసోని కరువు మర్సిపోతారని పెట్టినా అన్నా. ఇట్లయితే బారు మూసుకోవాల్సిందే. నిన్న గూడా ఇట్లే పరిగెత్తితివి గదా, తెలీదా నీకు?"

"తెలుసు."

"మళ్లా ఎందుకు లేసినావు?"

"ఈపొద్దు నిజమైతే?"

ఓబిలేష్ పైపు కట్టేశాడు. గురప్ప కూలబడి, రేకుల వైపే చూశాడు.

"ఇంగొకసారి ఇప్పు ఓబిలేషూ. ఈ తూరి పరిగెత్తన్లే. వాన సప్పుడు కూసోనే ఇంటా."

ఓబిలేష్ పైపు తిప్పాడు. గురప్ప కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.