వచ్చే నెల రా

టీచరమ్మ గొడుగు దులుపుకుని పుస్తకాల కంపెనీ లోపలికొచ్చేసరికి, గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ టీచరమ్మ రాసిన కథ కాయితాలు ముందేసుకుని రొట్టె తింటోంది.

ఒక కాయితం మీద అప్పటికే నూనె మరక.

టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి? ఎన్నాళ్ళ కష్టమది. బళ్ళో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చదివేది. వాళ్ళెక్కడ ఆవలిస్తే అక్కడ కొట్టేసి, మళ్ళీ రాసేది. తప్పిపోయిన కుంటి మేకపిల్ల కథ. ఇది గనక అచ్చు కాకపోతే జన్మలో మళ్ళీ కలం ముట్టనని ఒట్టేసుకుని మరీ ఇచ్చింది.

"నా కథ మీదేనా తిండి?"

"మీద కాదులే, పక్కన. మరక ఒక్కటే పడింది," అంది ముసలావిడ మూతి తుడుచుకుంటూ.

"పెద్దాయన చదివారా?"

"లేదు. వచ్చే నెల రా."

"పోయిన నెలా ఇదే మాటన్నారు."

"వచ్చే నెలా ఇదే అంటానేమో. అయినా రా."

ఆ పుస్తకాల కంపెనీలో ఆవిడ పనల్లా ఇంతే. వచ్చిన కథలు కంపెనీ నడిపే పెద్దాయన బల్ల మీద పెట్టాలి. ఆయన వద్దన్నవి ఆ రోజే కట్టగట్టి వెనక్కి పంపాలి. రాసేవాళ్ళంతా చాటుగా ఆవిణ్ణి తాళంకప్ప అనేవాళ్ళు.

"పోనీ నా కాయితాలు నాకిచ్చెయ్యండి. ఇంకెక్కడైనా ఇచ్చుకుంటా."

"ఇవ్వను."

"ఇదేం దౌర్జన్యమండీ?"

"ఏదో ఒకటి అనుకో. ముందా తల తుడుచుకో, జలుబు చేస్తుంది. ఇంకో కథేమన్నా మొదలెట్టావా?"

"దీనికే దిక్కు లేదు."

"మొదలెట్టు. చెయ్యి ఆగిపోకూడదు."

టీచరమ్మ విసురుగా వెళ్ళిపోయింది.

ఎలాగైతేనేం, ఆ ఏడాది చివర్లో పెద్దాయన కబురు పెట్టాడు. కథ అచ్చవుతుందని చెప్పి, కుర్చీ చూపించాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావమ్మా నువ్వు?" అన్నాడు, పక్కనున్నవాళ్ళు వినేలా.

"మీ గుమ్మం దగ్గరే ఉన్నానండీ. మీ తాళంకప్ప నన్ను లోపలికి రానిస్తేగా. ఏడాది పొడుగునా నా కథ తొక్కిపెట్టి, దాని పక్కనే భోజనాలు కానిచ్చింది."

అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. గుమ్మం వైపు తిరిగి పిలిచాడు.

"ఈవిడ అనేది నిజమేనా?"

ముసలావిడ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత టీచరమ్మ వైపు చూసింది.

"కథ అచ్చు వేస్తున్నారు కదా?" అంది.

"వేస్తున్నాం."

"అయితే నిజమే," అంది.

మర్నాటినించీ ఆ బల్ల దగ్గర ఇంకెవరో కూర్చున్నారు. పీడా వదిలిందనుకుంది టీచరమ్మ.

మేకపిల్ల ఇంటింటికీ వెళ్ళింది. ఆ వెనకే ఇంకో పుస్తకం, ఇంకోటి. పదేళ్ళ పిల్లలకి కొన్ని, మీసాలు మొలిచే వయసు వాళ్ళకి కొన్ని. టీచరమ్మ బడి మానేసి, పూర్తిగా రాతకే కూర్చుంది.

జుట్టు నెరిశాక, కొత్త పుస్తకం పట్టుకుని పెద్దాయన ఇంటికెళ్ళింది. ఆయన మంచంలో ఉన్నాడు. చూపు ఆనదు.

"ఇది మీకే అంకితమండీ. చదవనా? 'నా రాతని అందరికంటే ముందు నమ్మిన పెద్దాయనకి.'"



"మన తాళంకప్ప పోయింది, తెలుసా?" అన్నాడు ఆయన.

"అయ్యో. ఎప్పుడు?"

"మొన్న చలికాలంలో. మన కంపెనీలో మానిపించాక ఇంకెక్కడా పని దొరకలేదట. ఇన్నేళ్ళూ నోరెత్తి ఒక్క మాట అడగలేదు నన్ను."

టీచరమ్మ పుస్తకం మూసి మంచం మీద పెట్టింది.

ఆయన తడుముకుంటూ పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"నా పేరు కొట్టెయ్యి తల్లీ. నువ్వు ఏడాది అన్న రోజే నాకర్థమైంది... నెల నెలా నేను చదవకుండానే వెనక్కి పంపెయ్యమంటే, పంపకుండా, ఇవాళే కొత్తగా వచ్చిందని నాతో అబద్ధమాడి మళ్ళీ మళ్ళీ నా బల్ల మీద పెట్టింది ఆవిడే."