మిల్లు గోడ

“నూలు మిల్లు దగ్గరికి పోవాలి,” అన్నాడు జక్రయ్య.

బస్టాండు ముందు రిక్షాలో కూర్చున్న హయాత్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. అరవై ఏళ్లుంటాయి. చేతిలో సంచి కూడా లేదు. కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు.

“మిల్లు మూతపడి పద్నాలుగేళ్లయింది, పెద్దాయనా. ఊరికి కొత్తా?”

“ఇదే రావడం.”

“అక్కడెవరున్నారు నీకు?”

“ఎవరూ లేరు. ఒకసారి చూసిపోదామని.”

హయాత్‌కి నవ్వొచ్చింది. ఈ ఊరికి మిరపకాయలు కొనడానికి వస్తారు, పెళ్లి బట్టలకి వస్తారు. మిల్లు చూడటానికి ఎవరూ రారు. అయినా వచ్చిన బేరం వదులుకోవడమెందుకని ఎక్కమన్నాడు.

తొక్కుతూనే ఊరు చూపించాడు. మిల్లు కార్మికులతో కిటకిటలాడిన హోటలు ఇప్పుడు ఎస్టీడీ బూతు. సినిమా హాలు ఎరువుల గోడౌను. క్వార్టర్ల తలుపులు, కిటికీలు ఎవరో ఊడబీక్కుపోయారు. గదుల్లో మేకలు తిరుగుతున్నాయి.

“నేనూ మిల్లులోనే చేశా. స్పిన్నింగులో పన్నెండేళ్లు. మూడు షిఫ్టులు, రెండు వేల మంది. సైరన్ మోగితే ఊరంతా గడియారాలు సరిచేసుకునేది. ఇప్పుడు చూడు, ఈ పెడల్ మీదికొచ్చింది నా బతుకు.”

మిల్లు గేటుకి తలుపులు లేవు. లోపల ఆవరణంతా మిరపకాయలు ఆరబోశారు. ఆడకూలీలు వంగి కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకి ఇద్దరికీ దగ్గొచ్చింది.

“గోడౌను ఎక్కడుండేది, సాయిబుగారూ?”

“ఏ గోడౌను?”

“తగలబడింది.”

హయాత్ ఆయన మొహంలోకి చూశాడు. “నీకెట్టా తెలుసు?”

“తెలియనోళ్లెవరు? మట్టల ఆదివారం నాడు కదా.”

“మీ పండగ సంగతి నాకు తెలవదు. ఆదివారమే, పొద్దున పది గంటలు. మిల్లుకి సెలవు. లోపల వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు.” మసిబట్టిన మొండిగోడల వైపు చేయి చూపాడు హయాత్. “పత్తి బేళ్లు. అంటుకుంటే ఆగుద్దా? మూడు రోజులు కాలింది. ఆ వాచ్‌మన్ మా అన్న.”

జక్రయ్య తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. “పిల్లలున్నారా ఆయనకి?” అన్నాడు.

“ఇద్దరాడపిల్లలు. అదుగో, ఆ చివర తాలుకాయలు ఏరుతోందే, ఆమే మా వదిన జైతున్‌బీ. కూలికెళ్లే సాకింది ఇద్దర్నీ.”

జక్రయ్య ఆమె వైపు రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు.

“తగలబెట్టినోడు దొరికాడులే,” హయాత్ చెప్పుకుపోయాడు. “ఎక్కడో పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర కూలోడంట. పనియ్యలేదని కక్షంట. వారం తిరక్కుండానే పట్టుకున్నారు. ఇక్కడికి తెస్తే జనం ముక్కలు చేస్తారని ఊరి పొలిమేర కూడా తొక్కనివ్వలేదు. స్టేషను, కోర్టు అన్నీ బయటే కానిచ్చారు. వాడి మొహం ఎట్టుంటదో ఇప్పటికీ మాకు తెలవదు. ఉరెయ్యాల్సింది. జైల్లో కూర్చోబెట్టి తిండి పెట్టారు.”

“వాడే చేశాడంటారా?”

“వాడు కాకపోతే ఇంకెవడు? ముందు రోజు మంచి మిషన్లన్నీ లారీల్లో వెళ్లిపోయాయని కొందరన్నారు. ఏమో. ఓనర్లు ఇన్సూరెన్సు డబ్బుతో బొంబాయిలో బానే ఉన్నారు. వాళ్లనెవరడుగుతారు? దొంగ దొరికాడుగా.” హయాత్ ఉమ్మేశాడు. “ఇంతకీ నువ్వెవరు? మిల్లుకి పత్తి తోలేవాడివా?”

“కాదు. మిల్లు కాలాక నా సంసారం పోయింది, సాయిబుగారూ. మా ఇంటిది వీరమ్మ మనేదతో చచ్చిపోయింది. ఉన్న అరెకరం పోయింది. కూతురు ఎక్కడుందో కూడా తెలవదు.”

హయాత్ మెత్తబడ్డాడు. ఆయన భుజం మీద చేయి వేశాడు.

“అయితే నువ్వూ మా బాపతే.”

గేటు పక్కన బండి దగ్గర రెండు టీలు చెప్పి, ఒకటి జక్రయ్య చేతికిచ్చాడు. జక్రయ్య జేబులో చేయి పెట్టబోతే కసిరాడు. టీ తాగినంతసేపూ జక్రయ్య గ్లాసులోకే చూస్తూ కూర్చున్నాడు.

“వాడు లోపలికి ఎటునించి వచ్చాడంట?” లేస్తూ అడిగాడు.

“రా, చూపిస్తా.”

మిల్లు వెనకంతా తుమ్మచెట్లు. వాటి అవతల రాతిగోడ. పైన గాజుపెంకులు ఎండకి మెరుస్తున్నాయి.

“ఇదుగో, ఇక్కడే. ఒక చేత్తో కిరసనాయిలు డబ్బా పట్టుకుని మరీ దూకాడంట. వాడే ఒప్పుకున్నాడు. కనపడాలి గాని, నా చేతుల్తో చంపుతా నాకొడుకుని.”

హయాత్ బీడీ తీశాడు. గాలికి అగ్గిపుల్ల నిలవలేదు. చెట్టు చాటుకు వెళ్లాడు.

జక్రయ్య ముళ్లు తప్పించుకుంటూ గోడ దగ్గరికి నడిచాడు. అరచేయి రాయికి ఆనించాడు. తర్వాత మునివేళ్ల మీద లేచి, చేయి చాపగలిగినంత పైకి చాపాడు. అందలేదు. ఆ పైన ఇంకా నిలువు మనిషి ఎత్తు గోడ ఉంది.

తల పైకెత్తి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఒక చేత్తో కిరసనాయిలు డబ్బా పట్టుకుని ఆ గోడ దూకి మిల్లుకు నిప్పు పెట్టానని వేలిముద్ర వేసి, పద్నాలుగేళ్ల జైలు ముగించుకుని పోయిన వారమే బయటికొచ్చిన జక్రయ్య, ఆ గోడను చూడటం అదే మొదటిసారి.