ఆదోని అత్త

మేస్త్రీ మల్లన్న వేలు ఒక్కో ఆడమనిషి మీదా వాలుతూ వచ్చి, హులిగమ్మను దాటి పక్కామె మీద వాలింది.

"అప్పా, నన్నూ పిలువప్పా. పత్తి ఏరేది నాకు సిన్నప్పటి నుంచీ తెలుసు."

మల్లన్న ఆమె ముఖం చూడలేదు. "రేపు సూస్తాం పోమ్మా."

పత్తి మిల్లు గేటు మూసుకుంది. లోపల యంత్రాలు మోత మొదలుపెట్టాయి. బయట మిగిలింది ఎగిరొచ్చిన దూదీ, హులిగమ్మా.

ఆమెది తుంగభద్ర అవతల, నిన్నమొన్నటిదాకా నిజాం ఏలిన సీమ. మగడు పోయాక ఆరేళ్ల కూతురిని అన్న ఇంట్లో వదిలి ఆదోని వచ్చింది. "పత్తి కాలం అయిపోయేలోగా పని సూసుకోని పిల్లను తీసకపో. లేకుంటే నువ్వూ వచ్చి మా గొడ్ల కాడ పడుండు" అని చెప్పి పంపింది వదిన. ఇంత పెద్ద ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. బావి దగ్గర నోరు తెరిస్తే చాలు, "ఏటవతలి మాట ఇనండే!" అని ఆడవాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. దాంతో నోరు తెరవడమే మానుకుంది.

దగ్గరికి తీసింది ఒక్క తిమ్మమ్మే. అదే మిల్లులో ఏళ్ల తరబడి పత్తి ఏరి, చూపు మందగించి మానుకున్న ఒంటి ముసలమ్మ. స్టేషను దగ్గర దిక్కులు చూస్తూ కూర్చున్న హులిగమ్మను మొదటి రోజే ఇంటికి తీసుకుపోయింది.

"ఇంటి పెద్దలు సరేనంటేనే ఆడమనిషిని పనికి తీసుకుంటాడు మేస్త్రీ. లేకుంటే అత్తో మామో గేటు కాడికొచ్చి కొట్లాడతారని ఆయప్ప భయం. సచ్చిపోయిన నా కొడుకు పెండ్లామని సెప్పు. నేనూ సెప్తా."

"అబద్ధం గదా, అత్తా?"

"సూసినావా, పిలవనే పిలిస్తివి! ఇంగ అబద్ధం యాడిది?" బోసినోటితో నవ్వింది ముసలమ్మ.

ఆ పొద్దు నుంచీ రోజూ తెల్లారగానే తిమ్మమ్మ కర్ర తాటించుకుంటూ ముందే పోయి మేస్త్రీతో మాట్లాడి వచ్చేది. పని దొరక్క ఉసూరుమంటూ తిరిగొచ్చిన హులిగమ్మకు జొన్నరొట్టె మీద గురెళ్ల కారం వేసి పెట్టేది. పక్కన కూర్చుని, చెప్పిన కబుర్లే మళ్లీ మళ్లీ చెప్పించుకునేది.

"పని దొరికితే మిల్లు పక్కన గుడిసె బాడిగకు తీసుకోని పిల్లను తెచ్చుకుంటానత్తా."

"తెచ్చుకుందువులే. ఇంకో రొట్టె తిను."

మిల్లు ముందు కొండల్లా ఉన్న పత్తి కుప్పలు నడుమెత్తుకు దిగాయి. బండ్ల రాక తగ్గింది. వచ్చినవాళ్లలో సగం మందిని మల్లన్న వెనక్కి పంపేస్తున్నాడు. ఇక లాభం లేదని, ఒకనాడు హులిగమ్మ తన మూట కట్టుకుంది.

"పోతాండానత్తా. వదిన గొడ్ల పేడ ఎత్తుకుంటా. పిల్ల మొగమన్నా కనపడతాది."

తిమ్మమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "ఒక్క దినముండవే! రేపు గట్టిగా అడుగుతా!" అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. తన కోసం ఏడ్చే మనిషి ఈ ఊళ్లో ఒక్కరైనా ఉన్నారనుకుంది హులిగమ్మ. కళ్లు తుడుచుకుని, కొంగు విడిపించుకుని నడిచింది.

దారిలో మిల్లు గేటు దగ్గర మల్లన్న ఒక్కడే బీడీ కాలుస్తూ కనబడ్డాడు. ఇన్నాళ్ల ఉక్రోషమూ ఆమె నోట్లోకి వచ్చింది.

"పోతాండానప్పా. ఇంగ నీకు నా పీడ ఉండదు. నా సంగతి ఇడిసిపెట్టు, మా అత్త ముసల్ది! కండ్లు కనపడకున్నా దినామూ వచ్చి నిన్ను బతిమాలింది. ఆమె మొగం సూసైనా నన్ను తీసుకోకపోతివే!"

మల్లన్న బీడీ కింద పడేసి, ఆమెను వింతగా చూశాడు.

"ఆమె బతిమాలింది నిన్ను తీసుకోవద్దనే గదమ్మా, ఇంటికాడ ఒక్కదాన్నే ఉండలేనని."